మూలింటక్క నడక

“జరగుండ్రమ్మా, జర జరగుండ్రి!” అంటూ ఆమె అప్పటికే ధ్వజస్తంభం దాటి మలుపు తిరిగిపోయింది. నేను చున్నీ నడుముకు కట్టుకుని రొప్పుతూ ఆమె వెనక పడ్డాను. మా ముందు నలుగురు పెద్దమ్మలు చేతులు జోడించి, పెదాలు కదుపుతూ, నింపాదిగా ప్రదక్షిణ చేస్తున్నారు. కొంగు దోపుకుని వాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది ఈమె. ఆ గాలికి ఒకావిడ చేతిలోని పూలు రెండు కిందపడ్డాయి.

వాళ్లలో తెల్లచీర పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు.

“ఏమమ్మా మూలింటి కోడలా! దేవుని సుట్టు తిరుగుతున్నవా, బస్సు పట్టుకుంటున్నవా?”

“బస్సే పెద్దమ్మా,” అంది ఈమె ఆగకుండానే. “ఏండ్ల సంది ఉరుకుతున్న, ఒక్కటి ఆగుత లేదు.”

ఆమె పేరు నాకు తెలియదు. చిక్కడపల్లిలో గుడి వెనక సందు చివర, మూల మీద పాత మేడ వాళ్లది. ఇంట్లో అత్త, భర్త, ఆమె. భర్త కోఠిలో ఫ్యాన్లూ స్విచ్చులూ అమ్మే షాపులో పని చేస్తాడు. సందులో అందరికీ ఆమె మూలింటి కోడలు, నాకు మూలింటక్క. పేరు అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను కానీ నడిచేటప్పుడు ఆమె మాట్లాడనిచ్చేది కాదు. “మాట్లాడొస్తున్నదంటే నువ్వు నడుస్తలేవన్నట్టు” అనేది. ఆగాక ఇద్దరికీ ఊపిరి అందేది కాదు. ఊపిరి అందేసరికి ఆమె ఇంటికి పోవాల్సిన టైం అయ్యేది.

మిగతా ఆడవాళ్లు ప్రదక్షిణల లెక్క మర్చిపోకుండా పూలో బియ్యపు గింజలో పిడికిట్లో పట్టుకుని, తిరిగొచ్చినప్పుడల్లా ఒకటి గడప దగ్గర పెట్టేవారు. ఈమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. “లెక్కపెడితే ఎప్పుడైపోతదా అని మనసు అటే పోతది. నా లెక్క వేరే,” అని వెనక్కి తిరిగి చూపించేది. “రైక ఈపుకు అతుక్కోవాలె. అప్పుడు నడిచినట్టు.”

నిలబడిందంటే మాత్రం ఆమె చెయ్యి గడ్డం మీదికి పోయేది. చూపుడువేలు మడిచి గడ్డానికి అడ్డంగా పెట్టుకుని, తల కొంచెం వంచి, ఏదో పెద్ద సమస్య గురించి ఆలోచిస్తున్నట్టు నిలబడేది. తీర్థానికి కుడిచెయ్యి చాపాలి కదా, అప్పుడు ఎడమచేతి వేలు వచ్చి ఆ చోటు కాపాడేది. వాళ్ల అత్త ఎవరు దొరికితే వాళ్లతో చెప్పుకునేది: “మా కోడలు కలెక్టర్ లెక్క. పొద్దంత ఏదో ఆలోచన చేస్తనే ఉంటది. ఏం ఆలోచనో ఏమో, ఇంట్ల మాత్రం ఒక్క పిల్ల ఏడుపు ఇనపడదు.”

ఆ వేలి కింద ఏముందో నాకు తెలుసు. తెలియడం నా పని. మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాల పక్కన, టైలర్ షాపు పైన ఒక చిన్న బ్యూటీపార్లర్‌లో పని చేస్తాను నేను. ఇంటర్ సగంలో మానేశాను. చదువు నాకు ఎక్కలేదు కానీ దారం బాగానే తిరుగుతుంది. ఒక మధ్యాహ్నం పార్లర్‌లో ఎవరూ లేని టైం చూసుకుని ఆమె మెట్లెక్కి వచ్చింది. గుడిలో ముఖం తెలిసిన మనిషే, మాట్లాడింది లేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, అద్దం వైపు కాకుండా గోడ వైపు తిరిగింది.

“ఐబ్రోసా అక్కా?” అన్నాను.

ఆమె మెల్లగా వేలు తీసింది. “ఇది. ఎవ్వరన్న వచ్చేలోపల.”

గడ్డం కింద బిరుసు వెంట్రుకలు, కత్తెరతో కత్తిరించుకున్న మొనలు, మధ్యలో చిన్న చిన్న గాట్లు.

“ఇంట్ల తెల్వదా అక్కా?”

“ఎవ్వలకు తెల్వదు. అత్తమ్మకు చూపు మందం. ఆయనేమో నా దిక్కు చూస్తడా ఏంది, టీవీ దిక్కు చూస్తడు.”

నాకు ఆగదు కదా, మనసులో ఏది వస్తే అది చేసేస్తాను. ముఖానికి కట్టుకున్న స్కార్ఫ్ లాగేసి నా గడ్డం ఆమె ముందు పెట్టాను. “నాది చూడు మరి. ఎవ్వలు లేనప్పుడు ఇదే అద్దం ముంగట కూసొని నాకు నేనే తీసుకుంట.”

ఆమె తన వేలితో నా గడ్డం ముట్టుకుని చూసింది. “నీకు గూడనా పోరీ? డేట్ వస్తదా?”

“రాదు.”

“నాగ్గూడ రాదు.”

ఇంత చిన్న మాటకు మా ఇద్దరికీ నవ్వెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఇద్దరికీ ఉన్నది పీసీఓఎస్, నెలసరి సరిగ్గా రానివ్వని జబ్బు. నారాయణగూడలో ఒక లేడీ డాక్టర్‌కు చూపించుకున్నాం ఇద్దరం, వేరే వేరే రోజుల్లో. ఇద్దరికీ ఆవిడ చెప్పింది ఒకటే. రోజూ చెమట పట్టేలా నడవాలి. కూర్చున్న చోటే కూర్చోవద్దు. బరువు కొంచెం తగ్గినా ఒళ్లు మాట వినడం మొదలుపెడుతుంది. అలా అని నడక ఒక్కటే చాలదు, రాసిచ్చిన మాత్రలు వాడాలి, నెలల తరబడి రాకపోతే ఆలస్యం చేయకుండా వచ్చి చూపించుకోవాలి. మాత్రలు చూసి మూలింటక్క అత్త, “అవి వేడి, ఒళ్లు కాలిపోతది” అని అటక మీద పడేసిందట. పొద్దున్నే రోడ్డు మీద నడుస్తానంటే, “సంసారం చేసే ఆడిది రోడ్ల మీద ఉరుకుడేంది? నడవాలంటే గుడి సుట్టు నడువు, పుణ్యమన్న వస్తది” అందట. అలా డాక్టర్ చెప్పిన అన్నింట్లో ఆమెకు మిగిలింది నడక ఒక్కటే. దాన్నే పట్టుకుంది, మునిగేవాళ్లు తాడు పట్టుకున్నట్టు.

మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ రాంనగర్‌లో మూడిళ్లలో వంట చేస్తుంది. పొద్దున్నే ఒక్కదాన్నే పార్కుకు పోతానంటే ఒప్పుకోలేదు. గుడి అంటే సరేనంది. ఆ మర్నాటి నుంచి నేను మూలింటక్క వెనక ఉరకడం మొదలుపెట్టాను.

“ముందుగాల రావాలె,” అనేది ఆమె, మెట్ల మీద కూర్చుని మడమలు రుద్దుకుంటూ. “నెలనెలా రావాలె. రాంది ఆగేదెట్ల? ఒక్కసారి ఆగితే చాలు నాకు. ఒక్కటంటే ఒక్కసారి.”

గుడిలో మాకొక విచిత్రమైన లెక్క ఉండేది. బయట చేరిన ఆడవాళ్లు గుడికి రారు కదా. రోజూ వచ్చే మనిషి రెండు రోజులు కనబడకపోతే ఎవరూ అడగరు, అందరికీ అర్థమవుతుంది. మిగతావాళ్లకు అది మామూలే. మా ఇద్దరికీ అది పండగ. అందుకని రోజూ పొద్దున గేటు దగ్గర నన్ను చూడగానే ఆమె ముఖం వాడిపోయేది.

“వచ్చినవా?” అనేది, తిట్టినట్టు.

“నువ్వు గూడ వచ్చినవ్ కదా,” అనేదాన్ని.

“నడువు ఇగ.”

గుడికి రాకుండా ఉండే రోజు కోసం రోజూ గుడికి పోవడం. ఎవరికైనా చెబితే నవ్వుతారు. మేం దేవుడి ముందు నిలబడి మొక్కేది కూడా అదే, రేపు నీ ముఖం చూడకుండా చెయ్యి స్వామీ అని.

ఒకరోజు అయ్యగారు ఆమెను ఆపారు. మెత్తని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. హారతి పళ్లెం చేతిలో పట్టుకుని, “అమ్మా, ప్రదక్షిణం ఇట్లా పరుగు మీద చేయకూడదమ్మా,” అన్నారు. “నెలలు నిండిన స్త్రీ నిండు కుండ ఎత్తుకుని నడిస్తే ఎట్లా ఉంటుంది? అడుగులో అడుగు వేసుకుంటూ, ఒక్క చుక్క తొణకకుండా. అట్లా నడవాలి.”

ఆమె వేలు గడ్డం మీదికి పోయింది. నిజంగానే ఆలోచించిందనుకుంటాను ఆ ఒక్కసారి.

“అట్ల నడిచే రోజు రావాల్ననే ఇట్ల ఉరుకుతున్న అయ్యగారూ,” అంది.

అయ్యగారు పళ్లెం ఆమె ముందుకు చాపారు. ఆమె హారతి కళ్లకద్దుకుని మళ్లీ పరుగు అందుకుంది. ఆ రోజు నుంచి అయ్యగారే పెద్దమ్మలతో, “కొంచెం గోడవైపు జరగండమ్మా, ఆవిడను పోనివ్వండి,” అనేవారు.

ఒక్కసారి మాత్రం గుడి దాటి బయట నడిచాం. అమావాస్యో ఏదో, లోపల ఇసకేస్తే రాలని జనం. ఉరకడం కాదు, నిలబడటానికే చోటు లేదు. ఆమె గేటు దగ్గరే ఆగి నా చెయ్యి పట్టుకుని, “దా,” అంది. చెప్పులేసుకుని అశోక్‌నగర్ వైపు లాక్కుపోయింది. అంత పొద్దున్నే అక్కడ పరీక్షలకు చదివే పిల్లలు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పట్టుకుని, తమలో తాము గొణుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్లను చూసి ఆమెకు నవ్వొచ్చింది. “గీళ్లకు గూడ రావాల్సింది వస్తలేనట్టున్నది, పాపం! నౌకరీ కోసం తిరుగుతున్నరు.”

ఇందిరా పార్కు దాకా పోయాం. ఎదురుగా దారంతా ఖాళీ, ఎవరినీ జరగమని అడగక్కర్లేదు. ఆ పొద్దున ఆమె నడిచిన నడక నేను మళ్లీ చూడలేదు. చేతులు రెండూ ఊపుకుంటూ నడిచింది. రెండు చేతులూ! గడ్డం సంగతే మర్చిపోయింది. అప్పుడే స్కూటర్ మీద ఎవరో ఆయన ఆగి, “ఏమమ్మా, ఇటెటు?” అన్నాడు. భర్త షాపు మనిషట. టక్కున వేలు గడ్డం మీదికి వచ్చేసింది. కొంగులోంచి ఒక మడతపెట్టిన గుడ్డసంచి తీసి చూపించి, “పాల కోసం అన్నా,” అంది. ఆ సంచి ఎప్పుడూ దగ్గర పెట్టుకునేదని అప్పుడే తెలిసింది నాకు. ఊరికే నడుస్తున్న ఆడదానికి జవాబు ఉండాలి కదా. ఆ తర్వాత నిజంగానే పాలు కొనుక్కుని, ఇంటివైపు మామూలు నడక నడుచుకుంటూ పోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు, ఒక శుక్రవారం ఆమె గుడికి రాలేదు.

తెల్లచీర పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. “నీ దోస్తు కనబడ్తలేదు!”

శనివారం కూడా రాలేదు. ఆదివారం నేను కొబ్బరికాయ కొట్టాను. ఎందుకని పెద్దమ్మ అడగలేదు, తనే చిప్ప పట్టుకుని వచ్చినవాళ్లందరికీ ముక్కలు పంచింది. ఆ రోజంతా పార్లర్‌లో ఎగురుతూనే ఉన్నాను. ఐదో రోజు తలస్నానం చేసి వస్తుందని గేటు దగ్గర కాచుకుని నిలబడ్డాను. రాలేదు. ఇంకో వారం పోయింది. ఎన్నాళ్లదో కదా, ఎక్కువ రోజులు పడుతుందేమో అనుకున్నాం పెద్దమ్మా నేనూ. తర్వాత నాకు లోపల ఏదో తేడాగా అనిపించింది. పార్లర్ సెలవు రోజున మూలింటికి పోయాను.

వాళ్ల అత్త తలుపు తీసి, నవ్వుతూ నా తల నిమిరింది. “వచ్చింది బిడ్డా! దేవుడు కండ్లు తెరిచిండు. ఇన్నేండ్లది మొత్తం పోతున్నది, పోనీ. లోపల మంచిగైతది.”

వెనకగదిలో చాప మీద పడుకుని ఉంది ఆమె. ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది ముఖం. పెదాలకూ బుగ్గలకూ రంగులో తేడా లేదు. నన్ను చూసి మాత్రం, ఎక్కడ దాచుకుందో, ఒక నవ్వు తీసి ఇచ్చింది.

“చూసినవా పోరీ, వచ్చింది. నడిచినందుకు వచ్చింది.”

“ఎన్నొద్దులాయె అక్కా?”

“లెక్క పెడ్తలేను.”

“ఆగుత లేదా?”

“ఆగొద్దు.” నా మణికట్టు పట్టుకుంది. చేతిలో బలం లేదు కానీ వదల్లేదు. “ఆగితే మల్ల రాకపోతే? అప్పుడేం చెయ్యాలె నేను?”

నేను అత్తతో పోట్లాడాను. ఆస్పత్రికి తీసుకుపోదామన్నాను. “డాక్టర్లు గోలీలిచ్చి ఆపుతరు, వచ్చింది గూడ పోతది,” అంది ఆ ముసలామె. మూలింటక్క కూడా ఆమె మాటకే తలూపింది. ఇద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదటిసారి చూశాను. ఇక వాళ్లతో కాదని బస్సెక్కి కోఠి పోయాను. దుకాణం తెలియదు. ఫ్యాన్లు అమ్మే ప్రతి షాపులోకీ దూరి, “చిక్కడపల్లి మూలింటాయన ఎవరు?” అని అడుక్కుంటూ పోయాను. చివరికి ఒక కౌంటర్ వెనక నుంచి బక్కపల్చటి మనిషి లేచాడు.

“ఆడోళ్ల ముచ్చట, అమ్మ చూసుకుంటది కదమ్మా...” అన్నాడు మొదట.

“అన్నా, నువ్వొకసారి ఆమె ముఖం దిక్కు చూడు,” అన్నాను. “ఒక్కసారి చూసి మాట్లాడు.”

అన్నాక నాకే ఏడుపొచ్చింది. ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ అక్కడే పెట్టేసి నాతో వచ్చాడు. వచ్చి చూశాడు. చూశాక ఆటో కోసం చెప్పుల్లేకుండా సందు చివరిదాకా పరుగెత్తాడు.

ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. రెండు రోజుల తర్వాత నేను పోయేసరికి ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒక చేతికి సూది గుచ్చి పట్టీ వేశారు, ఇంకో చెయ్యి లేవడం లేదు. గడ్డం కాపాడటానికి వేలు లేదు. అందుకని ముఖం గోడకు పెట్టుకుంది.

“దారం తెచ్చినవా?” అంది, అంతే.

పార్లర్ పిల్లను కదా, బ్యాగులో ఎప్పుడూ రీలు ఉంటుంది. పౌడర్ రాసి, దారం పళ్ల మధ్య పట్టుకున్నాను. చర్మం బిగించి పట్టుకుంటేగానీ దారం తిరగదు. మామూలుగా వచ్చినవాళ్లే తమ చేత్తో లాగి పట్టుకుంటారు. ఆమె చేతులు పనికిరావు, నా చేతులు రెండూ దారంలో ఉన్నాయి. పక్కన స్టూలు మీద వాళ్ల అత్త కూర్చుని ఉంది.

“అమ్మా, జర ఈడ పట్టుకోవా,” అన్నాను.

ముసలామె వంగి కోడలి ముఖం దగ్గరగా చూసింది. బహుశా అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండదు. రెండు వేళ్లతో గడ్డం తడిమింది.

“ఇదేంది?” అంది. “ఇందుకేనా? పొద్దంత వేలు పెట్టుకుంటివి, ఇందుకేనానే? నేను ఆలోచన అనుకుంటి.”

“ఆలోచన గూడ చేసిన అత్తమ్మా,” అంది ఆమె కళ్లు మూసుకుని.

అత్త చర్మం లాగి పట్టుకుంది. నేను దారం తిప్పాను. నొప్పికి ఆమె కంటి చివరి నుంచి నీళ్లు కారి చెవిలోకి పోయాయి. ముసలామె ఒక చేత్తో గడ్డం పట్టుకుని ఇంకో చేత్తో ఆ చెవి తుడుస్తూ ఉంది.

తర్వాత గర్భసంచి తీసేశారు. లోపల పొర ఏళ్ల తరబడి రాలక మందంగా పేరుకుని చెడిపోయిందట. అది క్యాన్సరట. గోడకు ఆనుకుని ఆమె భర్త ఈ మాటలు నాతో చెప్పాడు, ఎవరి కోసమో బట్టీపట్టినట్టు.

చాలా వారాల తర్వాత ఒక పొద్దున గుడి గేటు దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల ఆమె కనబడింది. ప్రదక్షిణ చేస్తోంది. ఒక చెయ్యి పొట్ట మీద, కుట్లు కదలకుండా. ఒక అడుగు, కాస్త ఆగి ఇంకో అడుగు. పెద్దమ్మలందరూ ఆమెను దాటుకుంటూ పోతున్నారు. ఆమె గోడకు జరిగి దారిస్తోంది. ఇన్ని వారాలు గుడికి రాలేదు, వచ్చిన మనిషి పొట్ట మీద చెయ్యేసుకుని నడుస్తోంది. ఆపరేషన్ సంగతి గుడిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? తెల్లచీర పెద్దమ్మ దగ్గరకొచ్చి, ముఖమంతా నవ్వు చేసుకుని, “ఇగో, ఇట్ల నడవాలె దేవుని సుట్టు! ఎక్కినవా తల్లీ బస్సు?” అంది.

నేను నోరు తెరవబోయాను. ఆమె కళ్లతోనే వద్దంది.

అయ్యగారు కూడా అదే అనుకున్నారు. గర్భగుడిలోంచి ఒక అరటిపండు తెచ్చి, “కొంగు పట్టమ్మా,” అన్నారు. ఆమె కొంగు పట్టింది. పండు కొంగులో వేసి, అక్షతలు చల్లి, “అంతా శుభమే జరుగుతుంది,” అన్నారు. ఆమె తల వంచుకుని నిలబడింది. చెయ్యి గడ్డం మీదికి పోలేదు, పొట్ట మీదే ఉంది.

బయట మెట్ల మీద కూర్చున్నాక పండు నా చేతిలో పెట్టింది.

“ఎందుకు చెప్పలే అక్కా?”

“చెప్పబుద్ధి కాలే. ఒక్క పొద్దు అట్లనే ఉండనీ అనుకున్న.” కొంగు దులుపుకుంది, అక్షతలు రాలాయి. “ఇగ నేను రోజు రావచ్చు తెలుసా గుడికి. ఆపే రోజే లేదు.”

నేను పండు సగం విరిచి ఇచ్చాను. తీసుకుంది కానీ తినలేదు.

“నీకు వచ్చిందా?” అంది.

“లేదు.”

“నడువు. బందు చెయ్యకు, నడక మంచిదే. నేను దాన్నొక్కదాన్నే నమ్ముకున్న, డాక్టరమ్మ చెప్పింది సగమే ఇన్న. నువ్వు పోయి చూపించుకో. పోతవా?”

“పోత అక్కా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆ తర్వాత జబ్బు తిరగబెట్టిందని ఆమెను మహబూబ్‌నగర్ దిక్కు తల్లిగారింటికి తీసుకుపోయారు, చూసుకునేవాళ్లు ఉంటారని. నేను నడుస్తూనే ఉన్నాను. డాక్టర్ దగ్గరికి మాత్రం ఇవాళ, రేపు అనుకుంటూ పోలేదు. స్కాన్ అంటే భయం. లోపల ఏం కనబడుతుందోనని.

నిన్న మధ్యాహ్నం ఒకామెకు ఐబ్రోస్ చేస్తుంటే తెల్లచీర పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. మా పార్లర్‌కు ఎప్పుడూ రాని మనిషి. తలుపు పట్టుకుని నిలబడి, “మూలింటి పిల్ల పోయిందట బిడ్డా,” అంది. “వాళ్ల అత్త ఫోన్‌ల ఏడుస్తున్నదట. నేను బస్సు ఎక్కినవా అని అడిగితిని గదనే...” అని అక్కడే గడపలో కూలబడింది. నా పళ్ల మధ్య దారం తెగిపోయింది.

ఈ పొద్దున నేను గుడికి పోలేదు. మెట్రో కింది నీడలో నారాయణగూడ దాకా నడిచాను, డ్రెస్సు వీపుకు అతుక్కునేలా, ఆమె నడిచినట్టే. స్కానింగ్ సెంటర్ తలుపులు తీసేసరికి నేనే ముందున్నాను. కౌంటర్లో అమ్మాయి, “లాస్ట్ డేట్ ఎప్పుడు?” అని అడిగింది. అమ్మ పక్కన ఉన్నప్పుడు ఏదో ఒక తారీఖు చెప్పేదాన్ని. “గుర్తు లేదు. చానా నెలలైంది,” అన్నాను. ఆమె తలెత్తి చూసి ఒక నీళ్ల బాటిల్ ఇచ్చింది. “మొత్తం తాగి జర తిరుగుండ్రి, స్కాన్‌కు మూత్రం నిండాలె. ఇంక ఆగదు అనిపించినప్పుడు చెప్పుండ్రి.”

తాగాను. హాల్లో మధ్యన కుర్చీల వరస, చుట్టూ ఖాళీ. తిరగడం మొదలుపెట్టాను. మొదట గబగబా నడిచాను. కాసేపటికి పొట్ట బరువెక్కింది, గట్టి అడుగు వేస్తే లోపల తొణుకుతోంది. కింద ఒక చెయ్యి ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, కుర్చీలను కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగాను. ఎన్ని చుట్లో లెక్కపెట్టలేదు. వెనకనుంచి ఎవరివో చెప్పుల చప్పుడు గబగబా దగ్గరకొచ్చింది.

నేను గోడకు జరిగి దారిచ్చాను.